పన్నెండు అడుగులు తక్కువ

నిన్న పూతలపట్టులో బస్సు ఆగగానే కిటికీలోంచి కోళ్ల ఎరువు వాసన గుప్పుమని కొట్టింది. పక్క సీటులో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మునిరత్నం సార్ గుర్తొచ్చారు.

నేను పంచాయతీ కార్యదర్శి ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు పై అధికారిగా ఉండి పని నేర్పింది ఆయనే. కోళ్ల షెడ్డుకో పశువుల కొట్టానికో ఎవరైనా అనుమతి అడిగితే, ఆయన ముందు ఆ స్థలానికి కాదు, దాని పక్కింటికి వెళ్లేవారు. గాలి ఎటు నుంచి వీస్తుందో, వంట ఎక్కడ చేసుకుంటారో, పిల్లలు ఎక్కడ పడుకుంటారో అడిగేవారు. "దరఖాస్తులో షెడ్డు కట్టేవాడి పేరే ఉంటాది పాపా. పక్కనుండే వాళ్ల పేరు యాడా ఉండదు. వాళ్లని మనమే పోయి సూడాల" అన్నారు ఒకసారి.

రెండో ఏడు ఆయన సొంత తమ్ముడు సుబ్రమణ్యమే దరఖాస్తు పెట్టుకున్నాడు. టమాటా సాగులో దెబ్బతిని, ఇక కోళ్లఫారమే దారి అనుకున్న మనిషి. అప్పటికే పునాదులు తవ్వించేశాడు. ఆ పక్కనే కూలి పనులకు వెళ్లే కాంతమ్మ ఇల్లు. ఆమె కూతురికి పుట్టినప్పటి నుంచీ ఆయాసం. టేపు ఒక కొస సార్ పట్టుకున్నారు, రెండో కొస నేను. ఇంటికీ షెడ్డుకూ మధ్య ఉండాల్సిన దూరం పన్నెండు అడుగులు తక్కువ వచ్చింది. సార్ మళ్లీ కొలవమన్నారు. మళ్లీ అంతే వచ్చింది.

"పన్నెండు అడుగులే కదన్నా. నువ్వు సరిపోయిందని రాస్తే ఎవురడుగుతారు?" అన్నాడు తమ్ముడు.

సార్ కాంతమ్మ గుమ్మం వైపు చూశారు. "ఆ బిడ్డకి ఊపిరాడకపోతే నన్ను నేనే అడుక్కోవాల కదప్పా" అన్నారు మెల్లగా.

అనుమతి కుదరదన్న నోటీసు పోస్టులో వెళ్లింది. రెండు వీధుల అవతల ఉన్న తమ్ముడికి! నేను తీసుకెళ్లి ఇస్తానంటే సార్ వద్దన్నారు. "వాడి మొగం సూసి నేను ఇయ్యలేను. నా బదులు నిన్ను పంపేదీ బాగుండదు." ఆ రోజు నుంచి సుబ్రమణ్యం అన్న గడప తొక్కలేదు. పొలం గుత్తకిచ్చి, తిరుపతిలో ఒక లాడ్జికి కాపలాదారుగా వెళ్లిపోయాడు.

మూడేళ్ల తర్వాత సార్ జబ్బుపడి తిరుపతిలోనే ఆస్పత్రిలో చేరారు. నేను చూడ్డానికి వెళ్తే ఆయన కళ్లు తలుపు మీదే ఉన్నాయి. "మావోడు ఈ ఊర్లోనే ఉండాడు పాపా. కబురు పంపినాము" అన్నారు. నేనున్నంతసేపూ తలుపు తీసుకుని నర్సులు తప్ప ఎవరూ రాలేదు. ఆ వారంలోనే ఆయన పోయారు.

అంత్యక్రియల రోజు సుబ్రమణ్యం వచ్చాడు. లోపలికి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"కొలత తప్పు లేదని నాకూ తెలుసు మేడమ్" అన్నాడు. "మాయన్న కాయితం పంపినాడు. మనిషి వచ్చి సెప్పుంటే నాలుగు మాటలు తిట్టి, అన్నం తిని పొమ్మనుందును." ఆ తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇప్పుడు నేనూ ముందు పక్కింటికే వెళ్తాను. టేపు ఎంత చూపితే అంతే రాస్తాను. అయితే కుదరదని రాసిన కాయితాన్ని పోస్టులో వేయను, నేనే పట్టుకెళ్తాను. కొందరు తిడతారు. కొందరు కూర్చోమని కూడా అనరు. వాళ్ల మాటలు అయిపోయేదాకా ఆ గుమ్మంలోనే నిలబడి ఉంటాను.