మౌంట్ ఎంచుకోవడానికి మాదాపూర్ వెళ్లిన రోజు

తొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం పొద్దున నేనూ పుష్పలతా కలిసి దుర్గం చెరువు గట్టు మీద పక్షుల ఫోటోలు తీస్తున్నాం. నేను ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్న ప్రభుత్వ పాఠశాలలో ఆమె సాంఘిక శాస్త్రం చెప్పేది. ఇద్దరం రిటైరయ్యాక ఒకే కంపెనీ కెమెరాలు కొన్నాం. అదీ ఆలోచించే చేశాం. కెమెరా ముందు లెన్స్ బిగించే లోహపు వలయాన్ని మౌంట్ అంటారు. ఒక కంపెనీ మౌంట్‌కు ఇంకో కంపెనీ లెన్స్ పట్టదు. కనుక ఒకే మౌంట్ ఎంచుకుని లెన్స్‌లు పంచుకున్నాం. పూలనూ పురుగులనూ దగ్గరగా తీసే మాక్రో, చెరువంతా పట్టే వెడల్పు లెన్స్ నేను కొన్నాను. దూరాన ఉన్న పిట్టను దగ్గరకు తెచ్చే పెద్ద లెన్స్ ఆమె కొంది. అన్నిటికన్నా ఖరీదైనది అదే.

కిందటి నెల ఒక శనివారం ఎప్పటిలాగే నా మాక్రో ఆమె చేతికిచ్చి, పెద్ద లెన్స్ కోసం చెయ్యి చాచాను. ఆమె మాక్రోను తన కెమెరాకు పెట్టి ఒకసారి తిప్పి, ఆగి, తీసి నాకు తిరిగి ఇచ్చింది. కెమెరా కొత్తది, కంపెనీ వేరు. "పెద్దది అమ్మేసిన మేడం," అంది. నేను ఆ రోజు ఒక్క ఫోటో తీయలేదు. నడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కాను.

పదిహేను రోజులకు నా కెమెరా షట్టర్ కూడా పోయింది. ఈ మోడల్‌కు విడిభాగాలు రావడం లేదని, కంపెనీయే ఆ మౌంట్ ఆపేసి కొత్త మౌంట్‌కు మారిందని రిపేరు చేసేవాడు చెప్పాడు. ఇక ఎంచుకోక తప్పదు. మా పాత కంపెనీ కొత్త మౌంట్ తీసుకుంటే, మధ్యలో అడాప్టర్ అనే చిన్న వలయం వేసి నా పాత లెన్స్‌లు వాడుకోవచ్చు. పుష్పలత వెళ్లిన కంపెనీకి వెళ్తే నా లెన్స్‌లన్నీ మూలన పడతాయి. కానీ శనివారాలు మిగలవచ్చు. డెబ్బై ఒకటో ఏట ఏ మౌంట్ తీసుకున్నా అదే చివరిది. అందుకని రెండూ ఒక పూట అద్దెకు తెచ్చుకుని చూశాకే కొనాలని బయలుదేరాను. ఇలాంటి పని మీద మాదాపూర్ వెళ్లాలనుకునేవారికి పనికివస్తుందని రాస్తున్నాను. ధరలన్నీ నేను వెళ్లిన రోజువి.

మణికొండలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర తొమ్మిదీ ఇరవైకి ఆటో ఎక్కాను. మనవరాలు హారిక తన ఫోన్‌లో బుక్ చేసింది, నూట ఎనభై ఐదు రూపాయలు. ఖాజాగూడ దాటేవరకు బాగానే సాగింది. రాయదుర్గం దగ్గర ఇరవై నిమిషాలు నిలబడిపోయాం. ఆఫీసులకు వెళ్లే రోజు పదిన్నర దాటాక బయలుదేరడం మేలు. డ్రైవరుది వికారాబాద్ వైపు. నేను కెమెరా సామాన్లకని కూరగాయల చక్రాల సంచి తెచ్చుకున్నాను. దానివైపు చూసి మార్కెట్‌కా అని అడిగాడు. కెమెరా కొనడానికని చెప్పాను. "గా ఫోన్ల మస్తుగొస్తయి గదమ్మా ఫోటోలు. గింత వయసుల గిదేం పరేషాన్?" అన్నాడు. ఫోన్‌లో పిట్ట కన్ను కనబడదని చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, పిట్ట కన్ను చూసి ఏం చేస్తారని అడిగాడు. గ్రీన్ సిగ్నల్ పడింది కనుక జవాబు చెప్పే అవసరం పడలేదు.

కెమెరాలు అద్దెకిచ్చే దుకాణాలు మాదాపూర్‌లో రోడ్డు మీద కనబడవు. హాస్టళ్ల మధ్య సందుల్లో, మూడో అంతస్తు ఫ్లాట్లలో ఉంటాయి. నేను వెళ్లినదీ అలాంటిదే, కింద ఇస్త్రీ బండి, పైన లిఫ్ట్ పనిచేయదు. యజమాని సలీం, నలభై ఐదేళ్లుంటాయి. ఆధార్ కార్డు చూపించి, పది వేలు డిపాజిట్ కట్టాలి. అది సాయంత్రం తిరిగి ఇస్తారు. రెండు కంపెనీల కెమెరాలు, ఒక అడాప్టర్, పుష్పలత మారిన రెండో కంపెనీ పెద్ద లెన్స్, అన్నీ కలిపి పూట అద్దె రెండు వేల నాలుగు వందలు. మన పాత లెన్స్ ఏదైనా వెంట తీసుకెళ్తే అక్కడే అడాప్టర్‌కు పెట్టి చూడనిస్తారు. నేను మాక్రో తీసుకెళ్లాను. చక్కగా పట్టింది.

పాత మౌంట్‌లో పెద్ద లెన్స్ కూడా ఒకటి అద్దెకు దొరుకుతుందా అని అడిగాను. వాడినవి అమ్మకానికి పెట్టిన బీరువాలోంచి సలీం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. స్టాండుకు బిగించే దాని లోహపు కాలి మీద ముదురు ఎరుపు గోళ్ల రంగుతో 'ఫో 4' అని ఉంది.

ఆ అక్షరాలు నావి. పాఠశాల ప్రయోగశాలలో ప్రతి పరికరానికీ నంబరు వేయించడం నాకు అలవాటు. తొమ్మిదేళ్ల కిందట హారిక గోళ్ల రంగు సీసా తెచ్చుకుని మా కెమెరాలకూ లెన్స్‌లకూ 'ఫో', అంటే ఫోటో సామాను, అని నంబర్లు వేశాను. పుష్పలత తన లెన్స్ నా చేతికిస్తూ, "నాది గూడానా మేడం?" అని నవ్వింది. ఒక రిజిస్టరు కూడా పెట్టాను. ఏ లెన్స్, ఏ తేదీన, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు ముట్టింది, ముట్టినట్టు సంతకం. పోకుండా, పగలకుండా తొమ్మిదేళ్లు నడిచాయంటే ఆ రిజిస్టరు వల్లేనని అనుకునేదాన్ని.

ఇది ఎవరిచ్చారని సలీంను అడిగాను. "ఒక టీచరమ్మ ఇచ్చిపోయిన్రు, నెల పైనాయె. మస్తు సాఫ్‌గ పెట్టుకున్నరు. గీ నంబరేందో సమజ్ కాలే, తుడుద్దమనుకున్న," అన్నాడు. అది స్టాక్ నంబరని చెప్పి, ఆ లెన్స్‌కు ఇంకో ఐదు వందలు అద్దె కట్టాను.

అక్కడి నుంచి చెరువుకు ఆటోకు అరవై రూపాయలు. గేటు దగ్గర టికెట్ పది రూపాయలు. కాపలాదారు నా చక్రాల సంచి తెరిపించి, రెండు కెమెరాలు చూసి, పెళ్లి ఫోటోల షూటింగా అని అడిగాడు. పెళ్లికూతురు ఎక్కడని నేనడిగితే లోపలికి వదిలేశాడు. పదకొండుంపావు అయింది. పక్షులకు అది మంచి వేళ కాదు, ఎండ నెత్తిమీద ఉంటుంది. మీరు వెళ్తే ముందు రోజు సాయంత్రమే అద్దెకు తీసుకుని పొద్దున ఆరున్నరకు రండి.

నీటిలోకి వంగిన బండ మీద ఒక లకుముకి పిట్ట ఉంది. మొదట పాత కంపెనీ కొత్త కెమెరాకు అడాప్టర్ వేసి, దాని మీద పుష్పలత లెన్స్ బిగించాను. పిట్ట నీళ్లలోకి దూకి పైకి లేచేలోపు తొమ్మిది ఫోటోలు తీస్తే రెండు స్పష్టంగా వచ్చాయి. తర్వాత రెండో కంపెనీ కెమెరాకు దాని సొంత లెన్స్ వేసి తీశాను. పిట్ట ఎటు తిరిగితే అటు తెరలో ఫోకస్ చూపించే చిన్న చదరం దాని కన్ను మీదే అంటుకుని ఉంది. తొమ్మిదిలో ఏడు వచ్చాయి. మూడుసార్లు మార్చి మార్చి చూశాను. ఫలితం దాదాపు అంతే. పుష్పలత మంచిదే ఎంచుకుంది. నన్ను అడగకుండా.

నీడలో బెంచీ మీద కూర్చుని ఆమెకు ఫోన్ చేశాను. నీ లెన్స్ నా చేతిలో ఉంది అన్నాను.

"మంచిగున్నదా మేడం?" అంది.

"బాగానే ఉంది. అమ్మే ముందు నాకొక మాట చెప్పాల్సింది పుష్పా."

"చెప్పిన మేడం. ఒకసారి కాదు, మూడుసార్లు. కొత్తదాన్లకు మారుదమా, ఇద్దరం కలిసే మారుదం అని. షట్టర్ పోయేదాంక ఆ మాట ఎత్తొద్దని మీరే అన్నరు. మూడోసారి అయితే బెంచీ ఎక్కిచ్చి నిలబెడ్తరేమో అనుకున్న."

నిజమే, అన్నాను. పనిచేస్తున్న వస్తువును పారేయడం దుబారా అని కూడా అన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ నాకు సందేహం లేదు. ఇప్పుడు ఎవరితో తీస్తున్నావని అడిగాను. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు ఆడవాళ్లు కలిశారని, అందరిదీ అదే మౌంట్ అని, శనివారం ఏడింటికి ఇదే చెరువుకు వస్తారని చెప్పింది. వాళ్ల మధ్య లెన్స్‌లు ఎలా తిరుగుతాయని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

"ఎవరికి అవసరమైతే వాళ్లు తీస్కుంటరు. ఎవ్వరం రాసుకోం మేడం."

నేను అడగదలచుకోని ప్రశ్న అప్పుడు అడిగాను. "నేను కూడా నీ మౌంటే కొంటే?"

వెనక కుక్కర్ విజిల్ వేసింది, ఆమె స్టవ్ కట్టేసి వచ్చింది. "కొనుండ్రి మేడం, మంచిది అది. కానీ నా కోసమని కొనకుండ్రి," అంది. ఎండలో తిరగొద్దని, నీళ్లు తాగమని చెప్పి పెట్టేసింది. ఇరవై ఆరేళ్లుగా నన్ను మేడం అంటూనే ఉంది. ఇంకోలా పిలవమని నేనెప్పుడూ చెప్పలేదు.

ఒంటిగంటన్నరకు మాదాపూర్ తిరిగొచ్చి ఒక మెస్సులో భోజనం చేశాను, నూట ముప్పై రూపాయలు. నడిపే ఆవిడది నంద్యాల. నాది ఆదోని అని తెలిసి అడగకుండానే ఇంకో గరిటె పప్పు వేసింది. చుట్టూ మెడల్లో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు. నీలం తాళ్ల వాళ్లు ఒక బల్ల, నారింజ తాళ్ల వాళ్లు ఒక బల్ల. నేను అన్నం సగం వదిలేశాను. వంట బాగాలేదా అని ఆవిడ అడిగింది. బాగుందని చెప్పాను, అది నిజమే. "మరి బాగుంటే వదిలేస్తారామ్మా ఎవరైనా?" అంది. అన్నం వదిలేసిన పిల్లలను నేను ముప్పై ఏళ్లు అడిగిన ప్రశ్న అది.

మూడున్నరకు సలీం దగ్గరికి వెళ్లాను. రెండో కంపెనీ కెమెరా, దాని పెద్ద లెన్స్ కలిపి రెండు లక్షల అరవై వేలు. పాత కంపెనీ కొత్త కెమెరా, అడాప్టర్‌తో లక్షా ఐదు వేలు, వాడిన పెద్ద లెన్స్ నలభై ఆరు వేలు. డబ్బు తక్కువని పాత కంపెనీది తీసుకున్నానని రాస్తే చదివేవారు మెచ్చుకుంటారు. కానీ నా దగ్గర రెండు లక్షల అరవై వేలూ ఉన్నాయి. ఆ సంగతి బ్యాంకు పాస్‌బుక్‌కు తెలుసు. పిట్టల కోసమే అయితే రెండో కంపెనీదే కొనాలి. మీరు అదే కొనండి. నేను మాత్రం పాత కంపెనీ కెమెరా, పుష్పలత లెన్స్ కొన్నాను. ఆ లెన్స్‌ను మళ్లీ ఆ బీరువాలో పెట్టి రావడానికి చేతులు రాలేదు. నిర్ణయమంటే అదే.

బిల్లు రాస్తూ సలీం, "నంబరు తుడిపియ్యాల్నా అమ్మా?" అని అడిగాడు. వద్దన్నాను. తిరుగు ఆటో రెండు వందల పది. ఇల్లు చేరేసరికి ఐదూ నలభై.

కొత్త వస్తువు వస్తే రిజిస్టరులో ఎక్కించడం నా పద్ధతి. ఎక్కించడానికి తెరిచాను. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ మొత్తాలు కట్టలేదు, సంతకాలు సరిగా ఉన్నాయో లేదో మాత్రమే చూసేదాన్ని. ఆ సాయంత్రం కట్టాను. నా లెన్స్‌లు ఆమె తీసుకున్నది ఇరవై ఆరు సార్లు. ఆమె పెద్ద లెన్స్ నేను తీసుకున్నది నూట పదిహేడు సార్లు. ప్రతిసారీ తిరిగి ఇస్తూ, ముట్టినట్టు ఆమె చేత సంతకం పెట్టించాను. తన సొంత వస్తువు తన చేతికి వచ్చినందుకు పుష్పలత నూట పదిహేడు సార్లు సంతకం పెట్టింది. ఒక్కచోట కూడా ఖాళీ లేదు. మొదట్లో పూర్తి పేరు గుండ్రంగా రాసేది. చివరి రెండేళ్లవి ఒట్టి గీతలు. అప్పట్లో అవి కూడా సరిపోతాయనుకుని పేజీ తిప్పేదాన్ని. ఇప్పుడు ఆ లెన్స్ యజమాని గడిలో నా పేరు రాసుకున్నాను. ముట్టినట్టు సంతకం గడి ఖాళీగా ఉంచాను. ఈ శనివారం చెరువుకు వెళ్తాను. పుష్పలత వాళ్ల గుంపు ఏడింటికి వస్తుందట. నేను ఆరున్నరకు వెళ్లి, ఏడు కాకముందే వచ్చేస్తాను.

ప్రయాణం పెట్టుకునేవారికి ఒక సూచన. కెమెరాలు అద్దెకు తీసుకుని చూడండి, మీ మెమరీ కార్డు మీరే తీసుకెళ్లండి. అయితే మౌంట్ ఎంచుకునే ముందు, మీరు ఎవరి లెన్స్ అడిగి వాడుకుంటున్నారో ఆ మనిషికి ఇంటి నుంచే ఫోన్ చేయండి. నేను దుకాణానికి వెళ్లాక చేశాను.