ఆవగింజ ఎక్కడుండేది?

మా బావ నోట్లో తేనె ఉందని ఊరంతా అంటుంది. ఉంది, కాదనను. ఆ తేనెలో ఒక్క చుక్క కూడా ఇంటికి తేడు. మా అక్క మొగుడాయన, నక్షత్రశాలలో వ్యాఖ్యాత. గుండ్రటి కప్పు మీద చుక్కలు వెలిగించి, విశ్వం ఎలా పుట్టిందో, ఎంత దూరం పరుచుకుందో చీకట్లో కూర్చున్న జనానికి చెప్పడం ఉద్యోగం. ముక్కు కారే పిల్లలు అడ్డమైన ప్రశ్నలు వేసినా విసుక్కోడు. మా అక్కతో మాత్రం మాట్లాడడు.

కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. పెళ్ళైన కొత్తలో చుట్టాల ముందు పాఠం మొదలెట్టాడు: “మనకు కనిపించే విశ్వమంతా ఒకప్పుడు ఆవగింజకన్నా చిన్నది.” అక్క ఊరుకోక, “మరి ఆ ఆవగింజ ఎక్కడుండేదండీ? పోపుల డబ్బాలోనా?” అంది. అందరూ పగలబడి నవ్వారు. బావ మొహం మాడిపోయింది. ఆ రోజు మూసిన నోరు అక్క కోసం మళ్ళీ తెరవలేదు. ఏం కావాలన్నా గోడకేసి తిరిగి, “మంచినీళ్ళు,” అంటాడు. అక్క తెచ్చి పెడుతుంది. ఇద్దరికీ జుట్టు నెరిసింది, ఆయన పంతం సడలలేదు.

ఆమధ్య ఓ ఆదివారం అక్క నన్ను నక్షత్రశాలకు లాక్కెళ్ళింది. “ఒక్కసారి నాతో మాట్లాడితే చాలే,” అంది టికెట్లు కొంటూ. ఆట అయ్యాక బావ, “సందేహాలుంటే అడగండి,” అన్నాడు. చివరి వరసలో అక్క లేచింది.

“ఆ ఆవగింజ ఎక్కడుండేదండీ?”

బావ తలెత్తి చివరి వరసకేసి చూశాడు. గుర్తుపట్టాడు.

“మంచి ప్రశ్న వేశారమ్మా. ఫలానా చోట ఉండటానికి అప్పుడు చోటంటూ వేరే లేదు. చోటు కూడా ఆ గింజలోదే. అది సాగింది, ఇంకా సాగుతోంది. అందుకే దూరపు గెలాక్సీలు మనకు మరింత దూరమవుతున్నాయి. అర్థమైందామ్మా?”

కట్టుకున్న పెళ్ళాన్ని, దారినపోయే ఆవిడను పిలిచినట్టు అమ్మా అన్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం కళ్ళు తుడుచుకుని, “ఎంత చక్కగా చెప్పారే నాకు!” అంది.

ఇంటికొచ్చాక బావ మళ్ళీ గోడనే నీళ్ళడిగాడు. అక్క నవ్వుతూ తెచ్చింది. వారమంతా అంట్లు తోముతూ ఇంకో ప్రశ్న వల్లె వేసుకుంది: “అంత దూరం వెళ్ళిపోయినవాటి వెలుగు ఎప్పటికైనా మనల్ని చేరుతుందాండీ?”

మళ్ళీ ఆదివారం నక్షత్రశాల గేటు దగ్గర టికెట్లు చింపే ముసలాయన అక్కను ఆపాడు.

“ఇవాళ్టి నుంచి ప్రశ్నలు లేవమ్మా. సారే వద్దన్నారు.”

“ఒక్కటే అడుగుతాను బాబూ,” అంది అక్క. “చిన్నదే.”

అక్క ఎవరో ఆయనకు తెలీదు. పాపం, జాలిపడ్డాడు.

“దానికింత బాధెందుకమ్మా? ఇంటికెళ్ళి మీవారినడగండి, చెప్తారు.”