కుట్లు మానేదాకా సూర్యాపేటలో

సూర్యాపేట దగ్గర హైవే దిగేసరికి నేను పొట్టకు దిండు అదుముకుని, ముందు సీట్లో సగం వాలి ఉన్నాను. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ మా ఆయన కారును దాదాపు ఆపేసి, "పట్టుకున్నవా?" అని అడిగి, నేను తలూపాకే పోనిచ్చేవారు. వెనక ఆటోలు హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోతున్నాయి. మామూలుగా ఆయన అంత నెమ్మదిగా బండి నడిపే మనిషి కాదు.

హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుని వస్తున్నాను. పొట్ట మీద వేలాడే తోలు తీసేయించుకున్నాను. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఒకటే కోత. రెండు పక్కలా సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, వాటి చివర చిన్న బుడ్లు. లోపల ఊరే నీరు వాటిలోకి దిగాలి. పొట్ట చుట్టూ బిగుతు బెల్టు. కుట్లు లాగకుండా కొన్నాళ్లు నడుము వంచే నడవాలని, మెట్ల జోలికి పోవద్దని డాక్టర్ చెప్పారు. కోదాడలో మా కాపురం మా ఆయన బియ్యం దుకాణం మీది అంతస్తులో. అందుకని సూర్యాపేటలో మా అన్నయ్య ఇంటికి వెళ్లాలని అనుకున్నాం.

వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. మా వదినకూ నాకూ ఎన్నడూ మాటా మాటా రాలేదు. అలాగని దగ్గరితనమూ లేదు. పండక్కి చీర పెట్టుకోవడం, పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చోవడం, అంతవరకే. ఈ ఆపరేషన్ సంగతి తెలిసినప్పుడు ఆమె ఫోన్‌లోనే అనేసింది: "రోగమొస్తే కోయించుకోవాలె గానీ, కోరి కోయించుకునుడేంది పిల్లా? లోపల దాసుకుంటే ఎవలకు కనవడ్తది?"

ఆ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది.

నేను మిర్యాలగూడలో రైసుమిల్లు ఉన్న ఇంట్లో పుట్టాను. చిన్నప్పటి నుంచీ లావే. బొద్దుగా ఉందని మొదట ముద్దు చేసినవాళ్లే, తర్వాత నా ముందు పళ్లెం పెట్టేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. కోదాడకు కోడలిగా వచ్చి, అక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నలభై దాటేసరికి షుగర్ వచ్చింది. మోకాళ్లు మొరాయించాయి. బోర్డు మీద రాస్తూ రాస్తూ బల్ల పట్టుకుని నిలబడే స్థితి వచ్చాక, పొట్టలోని సంచిని చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ తర్వాత తిండి మారింది, నడక మొదలైంది. ఏళ్లు పట్టింది గానీ, మనిషిని దాదాపు సగమయ్యాను.

బరువు పోయింది, తోలు పోలేదు. వడ్లు కుమ్మరించాక కూడా గోనెసంచి సంచిగానే ఉంటుంది కదా. పొట్ట మీది తోలు మడత పడి తొడల మీదికి జారేది. కూర్చుంటే ఒళ్లోకి వచ్చేది. ఎండాకాలం ఆ మడత కింద చెమటకు ఒరిసి పుండ్లు పడేవి. పౌడరు అద్దుకుని, పాత నూలు చీర ముక్క మడిచి లోపల పెట్టుకుని కాలేజీకి వెళ్లేదాన్ని. స్టాఫ్‌రూంలో "మేడమ్, ఎంత సన్నబడ్డారు!" అని మెచ్చుకునేవారు. నేను నవ్వేదాన్ని. లోపల ఆ గుడ్డ తడిసి మండుతూ ఉండేది. మా ఆయనకు కూడా నేను ఆ మడతను సరిగా చూడనివ్వలేదు. పుండు ఒకసారి చీము పట్టి జ్వరం వచ్చాక, మా డాక్టరే ఈ రెండో ఆపరేషన్ మాట ఎత్తారు.

వదిన గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆపరేషన్ గురించి ఒక్క మాట అనలేదు. "జర పైలం, గడపున్నది" అని నా మోచేయి పట్టుకుంది. ముందు గదిలో మంచం వేసి పెట్టింది. తలవైపు రెండు బొంతలు మడిచి ఎత్తు చేసింది. బాత్రూంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ పెట్టించింది. అవన్నీ ఎవరు చెప్పారని అడిగితే, "ఎవలు చెప్పాలె? నాకు రెండు కాన్పులూ కోసే తీసిండ్రు" అంది.

గొట్టాల బుడ్లు రోజూ రెండు పూటలా ఖాళీ చేసి, ఎంత నీరు వచ్చిందో కొలగిన్నెలో చూడాలి. ఆ పని తనదని మా ఆయన ధీమాగా చెప్పారు. మొదటి పొద్దున బుడ్డి మూత తీసి, లోపలి ఎర్రటి నీళ్లు చూశారు. మొహం తెల్లబడింది. మెల్లగా గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. వదిన పరుగెత్తుకొచ్చి ఆయన చేతిలోంచి బుడ్డి అందుకుంది.

"అన్నయ్యా, నువ్వు దుకాణం కాడికి పో. నీ తోని కాదు గిది" అని నవ్వింది.

"అలవాటయితది చెల్లెమ్మా" అన్నారాయన నీరసంగా.

"నువ్వు అలవాటు వడేదాక ఈ పిల్ల ఆగదు గదా."

ఆయన మర్నాడు కోదాడకు వెళ్లారు. ఇక ఆ పని వదినదే అయింది. బెల్టు విప్పాలి, నైటీ పైకి జరపాలి. కన్నతల్లి ముందైనా నేను సిగ్గుపడేదాన్ని. మొదటి రెండు మూడు సార్లు గోడవైపు మొహం తిప్పుకుని పడుకున్నాను. వదిన మాత్రం టమాటలు బాగలేవనీ, ఎదురింటి వాళ్లు బోరు వేయిస్తే నీళ్లు పడలేదనీ ఏవేవో చెబుతూ, గొట్టం పట్టి, కొలిచి, మూత బిగించేది. ఆమె చేతులు చల్లగా ఉండేవి. కొన్నాళ్లకు నేను కూడా ఆమెవైపు తిరిగి టమాటల గురించి మాట్లాడటం మొదలుపెట్టాను.

ఒక రోజు పనంతా అయ్యాక ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"అవు గానీ, ఆ తోలును ఏం చేసిండ్రు?"

"దవాఖానోళ్లే కాల్చేస్తరంట వదినా."

"నీకు సూపియ్యలేదా?"

"నేను మత్తుల ఉంటిని గదా."

"ఇన్నేండ్లు నీ ఎంబడి తిరిగింది పాపం" అంది వదిన.

నేను నవ్వబోయాను. నవ్వితే కుట్లు లాగుతాయి. దిండు అదుముకుని, నవ్వును ఆపుకోలేక, నొప్పిని తట్టుకోలేక, కళ్లలో నీళ్లు తిరిగాయి. వదిన కంగారుపడి, "అయ్యో, నవ్వకు, నవ్వకు, కుట్లు వోతయ్" అంటూ తను కూడా నవ్వింది. ఆ నీళ్లు అన్నీ నవ్వు వల్ల వచ్చినవి కావు. నన్ను అంత ఏడిపించిన తోలు పోయినందుకు నాకు ఎక్కడో కొంచెం దిగులుగా ఉండేది. మా అబ్బాయిని కడుపులో మోసింది ఆ తోలే. ఆ దిగులు ఎవరితోనైనా అంటే వెర్రిదనుకుంటారని నోరు మూసుకున్నాను. ఆమె అడగకుండానే దాన్ని తాకింది.

హైదరాబాదు వెళ్లి గొట్టాలు తీయించుకుని వచ్చాం. ఇక అయిపోయిందనుకున్నాను. వీధిలో కాస్త కాస్త నడుస్తున్నాను, నడుము కూడా నిటారవుతోంది. ఒక పొద్దున బట్టలు మార్చుకుంటుంటే కింది పొట్ట ఉబ్బినట్టు కనిపించింది. పక్కకు తిరిగితే లోపల నీళ్లు కదిలినట్టు తొణికింది. వదిన అరచేయి పెట్టి చూసింది.

"గిది మంచిగ లేదు. కోదాడల అన్నయ్యకు ఫోన్ చెయ్" అంది.

మళ్లీ కోయాలేమో, ఎందుకు పెట్టుకున్నాను ఈ పని, ఉన్నదానితో సర్దుకుపోక అని వెయ్యి ఆలోచనలు. హైదరాబాదు డాక్టర్ ఫోన్‌లో అంతా విని, ఇలా నీరు చేరడం కొందరికి మామూలేనని, అక్కడే ఎవరైనా సర్జన్‌తో సూదితో తీయించమని చెప్పారు. సూర్యాపేటలో ఒక సర్జన్‌తో తానే మాట్లాడారు. మా ఆయన కోదాడ నుంచి వచ్చేలోపే వదిన నన్ను ఆటోలో అక్కడికి తీసుకుపోయింది. ఆటో అతనితో దారంతా, "గుంతలు తప్పియ్ బాబూ, ఆపరేషన్ మనిషి" అంటూనే ఉంది.

సర్జన్ లావుపాటి సూది తీశారు. నేను కళ్లు మూసుకున్నాను. ఎంతసేపటికీ నొప్పి తెలియదు. తెరిచి చూస్తే సూది అప్పటికే పొట్టలో ఉంది. సిరంజిలోకి ఎండుగడ్డి రంగు నీరు వస్తోంది. నా ఒంట్లో గుచ్చుతున్నారు, నాకేమీ తెలియడం లేదు. బొడ్డు కింద అంతా మొద్దుబారిపోయి ఉంది.

"స్పర్శ వస్తదా డాక్టర్?" అని అడిగాను.

"కొంత వస్తదమ్మా. నెలలు పడతది. కొంత రాకపోవచ్చు కూడా" అన్నారాయన దాపరికం లేకుండా.

తలుపు తీసుకుని మా ఆయన లోపలికి వచ్చింది సరిగ్గా అప్పుడే. సిరంజి చూసి, వచ్చినంత వేగంగా బయటికి పోయారు. నర్సు ఆయనకు మంచినీళ్లు ఇచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. మేం బయటికి వచ్చాక, "ఎట్లుంది?" అని నన్ను ఆయనా, ఆయనను నేనూ ఒకేసారి అడిగాం.

తర్వాత ఇంకోసారి నీరు తీయించాల్సి వచ్చింది. బెల్టు మరికొన్నాళ్లు బిగించుకున్నాను. మెల్లగా నీరు చేరడం ఆగిపోయింది.

స్నానం చేయొచ్చని చెప్పిన రోజు, మధ్యాహ్నం ఇంట్లో వదినా నేనూ తప్ప ఎవరూ లేరు. అన్నయ్య తన ఎరువుల దుకాణానికి వెళ్లాడు. ఆపరేషన్ అయిన ఇన్నాళ్లలో అన్నయ్య నన్ను అడిగిందల్లా గుమ్మంలోంచి "తిన్నవా?" అన్న మాటే. అంతకంటే అడగడం ఆయనకు చేతకాదు. వదిన లోపలి గది బీరువా అద్దం ముందు నన్ను నిలబెట్టింది. "సూసుకో. ఎన్నొద్దులు సూడకుంట ఉంటవ్?"

చూసుకున్నాను. పొట్ట సమంగా ఉంది. కింద ఎర్రటి గీత, కుడివైపు చివర చిన్న ముడతతో ఆగింది. బొడ్డును కొత్తగా కుట్టి పెట్టారు. అది నాది కానట్టు, ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉంది. అందంగా ఉందనిపించలేదు. తేలిగ్గా ఉందనిపించింది. చేతుల కింద తోలు అలాగే వేలాడుతోంది. దాన్ని తీయించుకోవాలని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

అద్దంలో వదిన నా వెనక నిలబడి చూస్తోంది. వెళ్లి గది తలుపు గొళ్లెం పెట్టి వచ్చింది.

"నాదొకటి సూపిస్త. ఎవలకు చెప్పకు" అంది.

చీర కుచ్చిళ్లు కొంచెం కిందికి జరిపింది. బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు. వేలితో నొక్కితే లోపలికి పోయింది. దగ్గితే మళ్లీ బయటికి వచ్చింది.

"ఎప్పటి సంది వదినా?"

"చిన్నోడు పుట్టినంక. బరువు లేపితే నొస్తది. నూకితే లోపలికి పోతది. గంతే."

"అన్నకు తెల్వదా?"

"చీకట్ల ఏం కనవడ్తది?"

చిన్నోడు అప్పటికే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అన్నేళ్లు ఆమె బియ్యం బస్తాలు జరిపింది, నీళ్లు మోసింది, మొన్న నా మంచం కూడా తనే ఈడ్చింది. ఫోన్‌లో నన్ను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. లోపల దాచుకోమనడం నన్ను తప్పుపట్టడం కాదు. ఆమెకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం అది.

అది హెర్నియా అనీ, పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పాను. "నీ కుట్లు మాననియ్ ముందుగాల" అని మాట తప్పించింది. నేను వదల్లేదు. చెబుతానని ఆమెతో ముందే అని, ఆ సాయంత్రం అన్నం తినేటప్పుడు అన్నయ్యకు చెప్పాను. అన్నయ్య ముద్ద నోటి దగ్గర ఆపి వదిన వైపు చూశాడు. "నాకు చెప్పకపోతివి?" అన్నాడు. వదిన పప్పు వడ్డిస్తూ, "నువ్వు అడగకపోతివి" అంది. అన్నయ్య ఆ పూట పెరుగన్నం దాకా పోలేదు.

నేను కోదాడకు తిరిగి వచ్చి, మెట్లెక్కి, కాలేజీలో చేరాను. మొదట్లో పీరియడ్ సగం కుర్చీలో కూర్చుని చెప్పేదాన్ని. వానాకాలం వచ్చేసరికి పక్కకు తిరిగి పడుకోగలిగాను. ఎండాకాలం మళ్లీ వచ్చినప్పుడు లోపల గుడ్డ పెట్టుకోకుండా కాలేజీకి వెళ్లిన పొద్దున నాకు బాగా గుర్తుంది. ఎవరికీ తెలియదు, ఎవరితోనూ అనలేదు. స్పర్శ పొట్ట పక్కల్లో తిరిగి వచ్చింది. మధ్యలో ఒక అరచేయంత మేర ఇప్పటికీ లేదు.

ఆ ఎండాకాలంలోనే వదిన ఆపరేషన్‌కు ఒప్పుకుంది. వాళ్ల పుట్టిల్లు కూడా మిర్యాలగూడే. అక్కడే చేయించుకుంటానంది. నేను సెలవు పెట్టి, హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వెళ్లాను. ఆపరేషన్ చిన్నదే, బాగానే జరిగింది. కానీ నాకు అన్ని జాగ్రత్తలు చెప్పిన మనిషి, తన వంతు వచ్చేసరికి మంచం దిగనని మొండికేసింది.

"నడువ్ వదినా. నడిస్తేనే జల్ది మానుతది."

"నిన్ను నేను గిట్లనే సతాయించిన్నా?"

"ఇంకెక్కువ సతాయించినవ్."

తిట్టుకుంటూనే లేచింది. సాయంత్రం నా భుజం పట్టుకుని ఇంటి ముందు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచింది. గాలిలో ఉప్పుడు వడ్ల వాసన వస్తోంది. పక్కింటి ఆమె గేటు దగ్గరికి వచ్చి, ఏమైందని అడిగింది. వదిన కడుపునొప్పి అంటుందేమో అనుకున్నాను.

"హెర్నియా ఆపరేషన్ అయింది" అంది వదిన. తర్వాత నా వైపు చూపించి, "నాదేంది, ఈమెది ఇంకా పెద్దది. ఇగో, గీడ నుంచి గాడ దాక" అని నా నడుము ముందు గాలిలో వేలితో గీత గీసింది.

పక్కింటి ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నేను తల దించుకోలేదు. "నొప్పి బాగ లేస్తదా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగింది. ఒక చేయి చీర మీదుగా తన పొట్ట మీదే ఉంది.

"లోపలికి రాండ్రి, కూసొని మాట్లాడుకుందం" అన్నాను.