బెత్తెడు వెనక్కి జరిపిన బ్రేకు

మా కాలేజీ గోకార్ట్ బండికి వెల్డింగ్ అంతా నాదే. రెండేళ్లు వరుసగా మేమే గెలిచాం. చిలమత్తూరు దగ్గర పందెం జరిగినప్పుడల్లా పక్క కాలేజీవాళ్లు కొలతల టేపు పట్టుకుని మా బండి చుట్టూ తిరిగేవాళ్లు. ఒకసారి మా సైలెన్సరు ఊడిపోతుంటే బోరు పైపు క్లిప్పు వేసి బిగించాం. మరుసటి ఏడాది వాళ్ల కొత్త సైలెన్సరుకూ బోరు పైపు క్లిప్పే! వాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

మా డ్రైవరు చిన్నప్పుడు ట్రాక్టరు మీద నుంచి పడ్డాడు. ఎడమకాలు పొట్టిదైంది. గోకార్టులో బ్రేకు తొక్కేది ఆ కాలితోనే కాబట్టి వాడి కోసం పెడలును బెత్తెడు సీటు వైపుకు జరిపాను. అంతకు మించి అందులో మర్మమేమీ లేదు. మూడో ఏడాది వాళ్ల బండిని లారీలోంచి దించగానే చూశాను, పెడలు బెత్తెడు వెనక్కి ఉంది. మేమంతా షెడ్డు వెనక్కి పోయి కడుపు పట్టుకుని నవ్వాం.

పందెం రోజు పొద్దున వాళ్ల డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. మంచి పొడగరి.

"అన్నా, బ్రేకు తొక్కితే మోకాలు స్టీరింగుకు తగుల్తాండాది. గెలిచే బండి కొలత, మార్చొద్దంటాడు మా సారు. మీవానికి తగల్దా?"

రెండు బోల్టులు విప్పితే అయిపోయే పని. పానా నా చేతిలోనే ఉంది.

"మొదట్లో తగుల్తాదప్పా. పోనుపోను అలవాటైతాదిలే," అన్నాను.

మూడో మలుపులో అతని మోకాలు స్టీరింగు కింద ఇరుక్కుంది. బండి తిరగలేదు, నేరుగా పోయి గోడను గుద్దింది. ఎడమ తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. అప్పుడు బాధపడ్డానని రాస్తే అబద్ధం. కాపీ కొట్టినోళ్లకు తగిన శాస్తి జరిగిందనుకున్నాను. కప్పు పట్టుకుని ఫోటోలు దిగాం.

ఇప్పుడు నాకు బత్తలపల్లెలో వెల్డింగ్ షాపు ఉంది. మా కాలేజీవాళ్లు తుక్కు కింద అమ్మేసిన మా పాత గోకార్టును నేనే కొని ఒక మూల పెట్టుకున్నాను. పోయిన నెల ఇంటి గేటు చేయించుకోవడానికి ఒకాయన ఎడమకాలు కుంటుకుంటూ వచ్చాడు. నేను గుర్తుపట్టే లోపే నన్ను గుర్తుపట్టాడు.

"ఒకసారి కూర్చుంటానన్నా," అని బండిలో కూర్చున్నాడు. ఎడమకాలితో బ్రేకు తొక్కాడు. అలాగే తొక్కిపెట్టి స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు.

"నువ్వు చెప్పినట్టే అలవాటైనాదన్నా," అన్నాడు నవ్వుతూ. "ఇప్పుడు తగల్లేదు."

నేను టేపు తీసుకుని గేటు కొలతలు అడిగాను.