గొడ్డలి బావ

మా బావకు తోటి ఉద్యోగులు పెట్టిన పేరు గొడ్డలి. ఆయన పని నరకడం. కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ప్రింటరు దగ్గర్నుంచి కంప్యూటరు లోపల గుచ్చే పనికిమాలిన కార్డు దాకా ప్రతి పరికరంతోనూ మాట్లాడ్డానికి డ్రైవర్ అని ఒక కోడు ముక్క ఉంటుంది. పరికరాలు చచ్చి తుక్కులోకి పోతాయి. వాటి డ్రైవర్లు మాత్రం లోపలే పడి కుళ్ళుతూ ఉంటాయి. వాటిని వెతికి చంపడమే మా బావ కొలువు. తొమ్మిదో తరగతిలో బడి నన్ను భరించలేక వదిలేసింది కాబట్టి ఇంతకంటే లోతుగా చెప్పను. చెప్పగలను, మీరే తట్టుకోలేరు.

మా అక్కను కట్టుకున్న ఈ మనిషి చీమ కనిపించినా పక్కకు తప్పుకుని నడుస్తాడు. మేమంతా ఉండే ఇంటి వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం కసాయివాడే. వేల లైన్లు తెగ్గోసి, చేతులు కడుక్కుని భోజనానికొచ్చేవాడు. ఆయన డిలీట్ కీ కొట్టే జోరుకు గోడల సున్నం రాలిపడేదనీ, పక్కింటివాళ్ళు మేం బోరు వేయిస్తున్నామనుకుని గొడవకొచ్చారనీ చెబితే ఎవరూ నమ్మరు. గొడవ మాత్రం నిజం.

ఆ వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది. డ్రైవర్‌ను తీసేముందు, కోడు రాసేవాళ్ళందరూ చదివే చోట "ఇది ఇంకా ఎవరైనా వాడుతున్నారా?" అని అడగాలి. కొన్నాళ్ళు ఆగాలి. ఎవరూ పలకకపోతే ఎవరూ లేనట్టే, వేటు వెయ్యొచ్చు. రేకులు వంచుకునేవాడు అవన్నీ ఎందుకు చదువుతాడు?

రేకులు వంచేది మా పెద్దబావ, అంటే బావకు సొంత అన్న. ఊరి చివర ఆయన షెడ్డు, అందులో ఏనుగంత ప్రెస్సు. పెడల్ తొక్కితే పైనుంచి ఇనుప దిమ్మ దిగి రేకును వంచుతుంది. దిమ్మ కింద చెయ్యి ఉంటే పసిగట్టడానికి ఒక సెన్సరు, దాన్ని కంప్యూటరుకు కలపడానికి పాతకాలపు కార్డు ఉన్నాయి. బావ ఆ కంప్యూటరు మూత ఏనాడూ విప్పి చూడలేదు. వెళ్తే టీ తాగి వచ్చేసేవాడు.

సరిగ్గా ఆ కార్డు డ్రైవర్ గురించే అడిగాడు. ఎవరూ పలకలేదు. నరికేశాడు. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ దానంతటదే షెడ్డు కంప్యూటరులోకి దిగింది. కార్డు నుంచి ఏ కబురూ రాకపోయేసరికి ప్రెస్సు నడిపే ప్రోగ్రాము కూడా అచ్చం బావలాగే అనుకుంది. పలకలేదంటే అక్కడ చెయ్యి లేనట్టే. దిమ్మ దిగింది. పెద్దబావ ఎడమచేతి వేళ్ళు రెండు రేకుతో పాటు చదునైపోయాయి.

డ్రైవర్‌ను ఎవరో తీసేశారని మెకానిక్ చెప్పగానే పెద్దబావ మా ఇంటికొచ్చాడు. ఆ ఎవరో ఎవరని వెతుక్కోనక్కర్లేదు. డ్రైవర్లు నరుకుతానని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నది మనవాడే.

కుడిచేతిలో పెద్ద పానా. మొదటి దెబ్బ మానిటరుకు. తర్వాత పానా విసిరేసి పిడికిలితో బావ దవడ పగలగొట్టాడు. బావ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పన్ను ఒకటి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికొచ్చింది. పెద్దబావను ఒంటిచేత్తో ఆపగలిగేవాణ్ణే. కాకపోతే ఆయన నన్ను అప్పటికే బీరువాకేసి కొట్టాడన్న సంగతి నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"చంపేస్తారా ఏంటి బావగారూ?" అక్క అడ్డమొచ్చింది.

"తప్పుకోమ్మా. వీడికి నరకడమే తెలుసు. తెగితే ఎలా ఉంటుందో తెలీదు."

"అడిగాను అన్నయ్యా," బావ నెత్తురు మింగుతూ అన్నాడు. "ఎవరూ పలకలేదు."

"నన్నడిగావురా? ఆదివారమొస్తే నా ఇంట్లో తిని, నా మంచమ్మీద దొర్లుతావే, నన్నడిగావా?"

ఆయన కట్టులోంచి నెత్తురు చుక్కలుగా నేల మీద పడుతోంది.

"పనివాళ్ళు ఆ ప్రెస్సు జోలికి రామంటున్నారు. అది ఆడకపోతే షెడ్డు మూసుకోవాల్సిందే. బాగుచెయ్యి. చేశాక దిమ్మ కింద నీ చెయ్యి పెట్టి చూపించు. అప్పుడైతే నమ్ముతారు."

నరికినదాన్ని మళ్ళీ అతికించడం ఆ వృత్తిలో తలవంపు. గొడ్డలి కర్ర చిగురేసిందట అని తోటివాళ్ళు ఎగతాళి చేశారు. వాచిన మూతితో బావ అతికించాడు.

షెడ్డులో పనివాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. బావ ముందు దిమ్మ కింద కర్ర పెట్టి పెడల్ తొక్కాడు. దిమ్మ కదల్లేదు. పెద్దబావ వెళ్ళి సెన్సరు వైరు పీకేశాడు.

"ఎప్పుడో ఒకప్పుడు ఇదీ ఊడుతుంది. ఇప్పుడు పెట్టు చెయ్యి."

బావ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఇప్పుడు పెడితే చెయ్యి పోతుంది అన్నయ్యా. కొంచెం ఆగు."

"ఎడమది పెట్టు బావా, కుడిది జీతానికి కావాలి," అన్నాను.

బావ జిడ్డు పట్టిన ఆ కంప్యూటరు ముందు కూర్చుని ప్రెస్సు ప్రోగ్రామును తిరగరాశాడు. ఇకమీదట కార్డు పలకకపోతే చెయ్యి ఉన్నట్టే లెక్క. లేచి వచ్చి, వైరు వేలాడుతుండగానే కుడిచెయ్యి మోచేతి దాకా దిమ్మ కింద పెట్టాడు.

"తొక్కు అన్నయ్యా."

పెద్దబావ కాలు పెడల్ మీదకు వెళ్ళలేదు.

"తొక్కవేం?"

చివరికి బావే కాలు చాచి పెడల్ తొక్కాడు. మిషను ఒక్కసారి గుర్రుమని, ఎక్కడిది అక్కడే ఆగిపోయింది.

పెద్దబావ తమ్ముణ్ణి కాలర్ పట్టి బయటికి లాగి గూబ పగిలేలా కొట్టాడు, ఆ కట్టున్న చేత్తోనే. కుట్లు పిగిలాయి. ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"నేను తొక్కకపోతే నువ్వు తొక్కేస్తావురా, దరిద్రుడా?"

"నువ్వేగా పెట్టమన్నావు."

"అంటే పెట్టేస్తావా?" అంటూ మళ్ళీ చెయ్యెత్తాడు. కట్టు ఎర్రగా తడిసిపోయింది. బావ ఈసారి ఆ చేతిని గట్టిగా పట్టుకుని, తన చొక్కా కొస చించి చుట్టడం మొదలుపెట్టాడు. తిట్లు ఆగలేదు. ఆ తిట్ల మధ్యలోనే పనివాడొకడు వైరు తిరిగి తగిలించి, రేకు తెచ్చి దిమ్మ కింద సర్దాడు.