ముందే చెప్పిన సాక్ష్యం

తర్వాతి రోజుల్లో విశాఖపట్నం జిమ్ముల్లో పేరున్న నటుల పక్కన నిలబడి బరువులెత్తాను. గోడ నిండా అద్దాలు, మెరిసే డంబెల్సు, హీరోగారి చెమట తుడవడానికి తువ్వాలు పట్టుకుని నిలబడే మనుషులు. వాళ్లలో ఎవరూ ఇప్పుడు అంతగా గుర్తుకు రారు. గుర్తుండిపోయింది ఒక్కరే. అరకులో మా రేకుల షెడ్డులో నాతో కలిసి కసరత్తు చేసిన మొదటి హీరో. ఆయన కోసం నేను మా చర్చి సంఘంలో లేచి ఒక మాట చెప్పాను. ఆ మాటను ఇంతవరకు సరిదిద్దుకోలేకపోయాను.

ఆ షెడ్డు రైలు మార్గం వేసేటప్పుడు సామాను పెట్టుకోవడానికి కట్టింది. పని అయిపోయాక ఖాళీగా పడి ఉంటే, లైను మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసే మా నాన్న పైవాళ్లని అడిగి మాకు ఇప్పించారు. ఒక ఇనుప కడ్డీ, దానికి రెండు వైపులా కట్టుకునే రైలు పట్టా ముక్కలు. అంతే మా జిమ్ము. నాన్న సంఘ పెద్ద కూడా. ఈ దేహం దేవుడు ఉండమని ఇచ్చిన ఇల్లు, బలంగా ఉంచుకో గాని చూసుకుని మురిసిపోకు అనేవారు. అందుకే షెడ్డులో అద్దం లేదు. ఆదివారం కడ్డీ ముట్టకూడదు. మిగతా రోజుల్లో ప్రార్థన చెయ్యకుండా ముట్టకూడదు.

డెబ్భైల చివర్లో, ఒక చలికాలం, మద్రాసు నుంచి షూటింగువాళ్లు వచ్చి ఊళ్లోని ప్రయాణికుల బంగళాలో దిగారు. రెండో రోజు పొద్దున్నే మంచులోంచి ఒకాయన మఫ్లరు చుట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మేకప్పు లేకపోవడంతో ఆ సినిమా హీరోయేనని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. యాభైకి దగ్గరపడిన మనిషి.

"ఇక్కడ ఇనుమెత్తే కుర్రాడున్నాడని బంగళా వాచ్‌మన్ చెప్పాడు. నువ్వేనా తమ్ముడూ?"

నేను బనీను కోసం తడుముకున్నాను.

"వేసుకోకు. చూస్తే నాకు కుళ్లయినా పుడుతుంది" అన్నారు.

వచ్చిన పని దాచలేదు. ఈ సినిమాలో ఆయన కట్టెలు కొట్టేవాడు. కూలిన దుంగ కింద చిక్కుకున్న పిల్లను కాపాడటానికి దుంగను భుజం దాకా ఎత్తాలి. "కిందటి సినిమాలో బోలు దుంగ ఎత్తాను. హాల్లో జనం నవ్వారు. నేను వెనక వరసలో ఇదే మఫ్లరు కప్పుకుని విన్నాను. ఈసారి నిజం దుంగే పెట్టమన్నాను. ఎత్తేది నేనే. డైరెక్టరు రెండు వారాలు గడువిచ్చాడు."

నేను వెళ్లి ఆ దుంగ కొన ఎత్తి చూశాను. మా కడ్డీకి పక్కకి మూడేసి పట్టా ముక్కలు కట్టినంత బరువుంది. ఆయన పక్కకి ఒక్కో ముక్కతో మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి రెండేసి ఎత్తారు. నేను ఎదురుగా నిలబడి, కడ్డీ జారితే పట్టుకోవడానికి చేతులు చాపి ఉంచేవాణ్ణి. పట్టుకుంటే కోపం వచ్చేది. "ముట్టుకోకు! నేను చచ్చాక ముట్టుకో!"

ఎత్తే ముందు నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాణ్ణి. మొదటి రోజు ఆయన చూస్తూ ఊరుకున్నారు. మూడో రోజు తలకి చుట్టుకున్న మఫ్లరు తీశారు.

"మీ దేవుడికి నా వయసు తెలుసా?"

"ఆయనే కదండీ పుట్టించింది."

"అయితే పత్రికలవాళ్లకి చెప్పొద్దను."

నవ్వించి, తనూ కళ్లు మూసుకునేవారు. ఆ మూసుకోవడమే నన్ను పట్టేసింది. ఇంత పెద్ద మనిషి మా రేకుల కింద తల వంచితే దేవుడు ఊరుకుంటాడా అనుకున్నాను.

రెండో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో సాక్ష్యమంటే జరిగిపోయిన మేలును లేచి చెప్పుకోవడం. జ్వరం తగ్గింది, పోయిన ఆవు దొరికింది, అలాంటివి. నేను లేచి, జరగనిది చెప్పాను. గురువారం ఆ దుంగ ఆయన చేతుల్లో లేస్తుందని దేవుడు నాకు నమ్మకమిచ్చాడన్నాను. అందరూ ప్రార్థన చెయ్యమన్నాను.

డుంబ్రిగుడ నుంచి వచ్చే ముసలమ్మ ఒకావిడ గట్టిగానే అంది: "సినిమావోడి కోసం పార్దనేట్రా గుంటడా? ఆడికి తిండి లేదా, గుడ్డ లేదా?"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. నన్ను కూర్చోమని కళ్లతో చెప్పారు. కానీ పాస్టరుగారు, కుర్రవాడి విశ్వాసాన్ని ఆర్పకూడదని, బుధవారం సంఘమంతా ఉపవాసం ఉండాలన్నారు.

ఆ బుధవారం పొద్దున మూడేసి ముక్కలు కట్టాను. కడ్డీ మోకాళ్ల దాకా వచ్చి ఆగింది. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి ఆయన నడుము పట్టేసి నేల మీద కూర్చుండిపోయారు. నేను వెనక్కి వెళ్లి నడుము నొక్కుతూ, "రేపు లేస్తుంది సార్. మా సంఘమంతా పస్తు ఉన్నారు" అన్నాను.

ఆయన తల తిప్పి చూశారు. "ఎందుకు చెప్పావు వాళ్లకి?" అన్నారు. కోపం లేదు. "లేవదు తమ్ముడూ. నా నడుముకి తెలుసు."

నేను నొక్కుతూనే ఉన్నాను.

గురువారం డైరెక్టరు నన్ను వ్యాను చాటుకి పిలిచి హీరోగారి పంచె, విగ్గు ఇచ్చారు. వీపు వైపు నుంచి తీస్తామని, మొహం తర్వాత కలుపుతామని చెప్పారు. నేను హీరోగారి వైపు చూశాను. ఆయన వ్యాను చాటునే, జనానికి కనపడకుండా, గొడుగు కింద కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు. దగ్గరకి రమ్మని సైగ చేశారు.

"తేలిగ్గా ఎత్తేయకు. కష్టపడు. నా వయసు కనపడాలి" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు" అన్నారు.

"చెప్పను సార్" అన్నాను. ఇంకేమనగలను?

కట్టిన తాడుకు అవతల, గుట్ట వాలులో, మా సంఘం నిలబడి ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. నేను వాళ్లకి వీపు చేసి దుంగ కింద చెయ్యి పెట్టాను. కష్టపడుతున్నట్టు నటించనవసరం లేకపోయింది. దుంగ భుజం మీదికి వచ్చింది. వెనక నుంచి ఒక్కసారిగా "స్తోత్రం! స్తోత్రం!" అని కేకలు. ఇన్నాళ్లూ హీరోగారి చేతులకి బలమివ్వమని దేవుణ్ణి అడిగాను. అడిగినది ఆయనకి దక్కలేదు. కెమెరా తిరుగుతుంటే దుంగ దించలేను. వెనక్కి తిరిగి నా మొహం చూపించలేను. అలాగే నిలబడ్డాను.

సాయంత్రం ఇంట్లో అమ్మ చోడి అంబలి పోస్తూ అంది: "ఆ ఈపు నాకు తెల్దేట్రా? సిన్నప్పట్నుంచీ నూనె రాసిన ఈపే గదా."

"నాన్నకి సెప్పేవేటి?"

"నానెందుకు సెప్తాను? నువ్వు లేసి అన్న మాట. నువ్వే సెప్పాల."

తర్వాతి ఆదివారం పాస్టరుగారు నన్ను పిలిచి ముందు నిలబెట్టారు. నిజం చెబితే, నన్ను నమ్మి కళ్లు మూసుకున్న మనిషిని ఊరి ముందు నిలబెట్టి నవ్వించినట్టే. చెప్పకపోతే దేవుని మందిరంలో అబద్ధం. అమ్మ ఆడవాళ్ల చాప మీద తల వంచుకుని కూర్చుంది. నాన్న నా వైపే చూస్తున్నారు, ఆరోజు కూర్చోమన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నట్టుగా. అది చూడలేకపోయాను.

"దుంగ లేచింది" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఎత్తింది నేనని చెప్పబోయి ఆగిపోయాను. ఆనందంతో నోట మాట రావడం లేదనుకుని ఎవరో పాట ఎత్తుకున్నారు. చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లను ఆపడం నా వల్ల కాలేదు.

ఆరాధన అయ్యాక బయట ఒక పెద్దాయన నా కోసం నిలబడి ఉన్నాడు. పెదబయలు అవతలి కొండ మీద నుంచి ముందురోజే బయలుదేరి నడిచి వచ్చాడట. కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయింది. దాన్ని ఎడమచేత్తో ఎత్తి నా ముందు పెట్టాడు.

"నీ పార్దనకి బలముందట గదా బాబూ. ముసిలోడి సేతుల్లోకి సత్తువొచ్చిందంట. నాకూ సెయ్యి."

"అది కాదు తాతా..." అన్నాను.

"బేగి సెయ్యి బాబూ. నాను సానా దూరం ఎల్లాల."

ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. ప్రార్థన మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన మాటలే, ఏ మాట తర్వాత ఏది రావాలో తెలియలేదు. తాత కళ్లు గట్టిగా మూసుకుని, వేళ్లు కదులుతాయని కనిపెట్టుకుని నిలబడ్డాడు.