గంప కింద జొన్న మొక్క

ఆ రోజుల్లో మెదక్‌లో ఏం జరిగినా తప్పు రజాకార్లదే. కుండలో పాలు విరిగినా వాళ్ల మీదికే పోయేది. (చాలాసార్లు తప్పు నిజంగానే వాళ్లది, అది వేరే సంగతి.) పోలీసు చర్య ముగిసి పది రోజులు కాలేదు. మిలిటరీ లారీలు ఇంకా బజారులో తిరుగుతున్నాయి. నాకు పదహారేళ్లు. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివాను గనక మా వాడలో నాకంటే తెలిసినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. పురిటికొచ్చిన అక్కకు పాలు పడలేదు, ఆమె నెల పిల్లకు మా బర్రె పాలే దిక్కు. సరిగ్గా అప్పుడే పెరట్లో బర్రె కోసం పెంచిన పచ్చజొన్న ఆకుల మీద ఇటుకపొడి లాంటిది పేరుకుంది. బర్రె మూతి తిప్పుకుంది, పాలు సగానికి పడిపోయాయి.

"పోతపోత ఇసం జల్లిపోయిండ్రు! గా గడ్డి ఎవ్వలు ముట్టకుండ్రి," అని నాయనమ్మ గుండె బాదుకుంది. బావి పక్కన శుభ్రంగా ఉన్న మడిని కూడా కోయనివ్వలేదు.

పసుపునీళ్లతో కడిగితే విషం పోతుందని ఇంట్లో ఒక సలహా పుట్టింది. ఇంకేం, నాయనమ్మా నేనూ కూర్చుని ఒక్కో ఆకుకూ స్నానం చేయించి, చీరలారేసే దండెం మీద ఆరేశాం. మమ్మల్ని చూసి వాడంతా అదే పని. దారిన పోతున్న సిపాయి ఒకడు అదేదో మా ఊరి పండగనుకుని దండం పెట్టి పోయాడు. బర్రె మాత్రం వాసన చూసి మళ్లీ మూతి తిప్పుకుంది.

ఆ రాత్రి వాన కొట్టింది. రెండు మూడు రోజులకు చూస్తే జొన్న ఇంకా ఎర్రబడింది. చల్లిన విషమైతే వానకు కొట్టుకుపోవాలి కదా, పెరగడమేమిటి? ఆకులు శుభ్రంగా కనబడుతున్న ఒక మొక్కను ఆ ఎర్రబడ్డ మడిలోంచే తవ్వి కుండలో నాటి, గంప బోర్లించి, నాయనమ్మనే కావలి కూర్చోబెట్టాను. మూడో రోజు గంప ఎత్తితే ఆకుల మీద ఎర్రటి మచ్చలు!

"గంప కిందికి రజాకారు ఎట్లొచ్చిండు నాయనమ్మా?"

నాయనమ్మ ఆకును తిప్పి చూసింది. "గడ్డికే గజ్జి లేసింది పిల్లా," అని తనే కొడవలి తీసుకుని బావి పక్క మడి కోసింది. వారానికల్లా పిల్ల కడుపు నిండా తాగి నిద్రపోయింది. "నా మనుమరాలు కనిపెట్టింది," అని నాయనమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

మొన్న వ్యవసాయం చదివే మనవడు అది తుప్పు తెగులనీ, బూజు జాతిదనీ చెప్పాడు. "భూతద్దం లేకుండా ఎట్ల పట్టినవ్ అమ్మమ్మా?" అన్నాడు. గర్వంగానే నవ్వాను. ఆ పసుపునీళ్ల సలహా కూడా ఏడో తరగతి చదివిన నాదేనని మాత్రం వాడికి ఇంకా చెప్పలేదు.